తుంగకుంట పరిగె

గాజు పళ్ళెంలో చేప ఉంది, చేపలో ఎముకలు లేవు. వేలెడంత పరిగె. ఏవో మందునీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి దాని మాంసాన్నంతా అద్దంలా తేటపరిచారు. పళ్ళెం కింద పరిచిన పాత పేపరు అక్షరాలు దాని ఒంట్లోంచి చదవొచ్చు. ఆ తేట ఒంట్లో ఎముకలకు మాత్రమే పట్టే ఎర్రరంగు ఎక్కి, వెన్నుపూస, పక్కటెముకలు, వీపు మీది రెక్కకు ముందుండే ముల్లు, అన్నీ గీసినట్టు కనబడాలి. పక్క పళ్ళెంలో గోదావరి నుంచి తెచ్చిన ఇంకో చేప అట్లాగే ఉంది, లోపల దానిమ్మ గింజల రంగులో సన్నని పుల్లలు పేర్చినట్టు. మా అక్క సుగుణ తెచ్చిన చేపలో మాత్రం లేత గులాబీ మరక తప్ప ఏమీ లేదు. అక్క పళ్ళేన్ని కిటికీ వైపు తిప్పింది. మళ్ళీ ఇటు తిప్పింది. వెలుతురు ఎటు నుంచి పడ్డా అదే చేప.

“రంగు నువ్వే కలిపావా అమ్మాయ్?” అన్నారు ఆమె గైడు. కృష్ణా జిల్లా మనిషి, డిపార్టుమెంటులో అందరూ ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు.

“నేనే కలిపిన సార్. రెండిట్లకీ ఒక్క సీసాలదే.”

ఆయన సొరుగులోంచి నీలం కాగితం ముక్క తీసి, అక్క ఇంటి నుంచి తెచ్చిన జాడీలో ముంచారు. పైకి తీసేసరికి అది ఎర్రగా ఉంది.

“పులిసిపోయిందిది. వెలిగారం వెయ్యలేదా?”

“ఏసిన సార్. అన్ని జాడీలల్ల ఏసిన. జర ఎక్కువనే ఏసిన.”

“వేస్తే ఇలా ఎందుకుంటుంది? నిమ్మకాయ పిండినట్టుంది.” నవ్వబోయిన మాస్టారు అక్క ముఖం చూసి మానేశారు. ఆమె ఇంకో జాడీలోంచి ఒక పరిగెను తీసి, వీపు ముల్లును చూపుడు వేలితో వంచింది. అది నానిన దారంలా వంగి, వేలికి అంటుకుపోయింది. అక్క ఆ వేలిని అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆ రోజు నన్ను తనే వెంట తీసుకుపోయింది. “ఇయ్యాల నువ్వు గూడ రా విజయా, మల్ల చూస్తనంటే ఉండది” అని చెప్పి మరీ. ఆ తర్వాత పేపరాఫీసు డెస్కు మీద కూర్చుని మునిగిన ఊళ్ళ వార్తలు, కూలిన మిద్దెల వార్తలు చాలా దిద్దాను. వాటిలో ఎక్కువ భాగం మరిచిపోయాను. ఆ వేలిని మరిచిపోలేదు.

పోయిన చలికాలం ఒక అమ్మాయి బడంగ్‌పేటలో అక్క ఇల్లు వెతుక్కుంటూ రాకపోతే ఇది రాసేదాన్ని కాదు. ఆ అమ్మాయి పేరు రమ్య. దక్కన్ చెరువుల్లో ఒకప్పుడు ఏ చేపలుండేవి, ఇప్పుడు ఏవి మిగిలాయి అన్నది ఆమె చదువు. ఎప్పటిదో ఒక సదస్సు పుస్తకంలో అక్క రాసిన నాలుగు వరుసలు ఆమె కంటపడ్డాయి, తుంగకుంటలో ముల్లుకు రంపం పళ్ళున్న పరిగె ఒకటి ఉందని, పరిశీలన సాగుతున్నదని. “ఆ చేపలు ఇంకా మీ దగ్గర ఉన్నాయా మేడమ్?” అని అడిగింది. అక్క మోకాళ్ళు పట్టుకుని లేచి, అటక మీదికి చూపించి, “ఉన్నయి. ఎముకల్లెవ్వు” అన్నది. నేనే స్టూలెక్కి ఒక జాడీ దించాను. దించేటప్పుడు ఆ వాసన వచ్చింది. ముక్కులోకి సూదిలా దిగి కళ్ళలోంచి నీళ్ళు తెప్పించే వాసన. దానితో పాటు మా పాత ఇల్లంతా దిగొచ్చింది.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే సగం ఇళ్ళు, సగం ఇసుక కుప్పలు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన మా నాయిన బస్సు డిపోలో మెకానిక్. ఒక కాలనీలో రెండు గదులూ, రేకుల వంటిల్లూ కిరాయికి తీసుకున్నాడు. మా కిటికీ ఎదురుగా ఎప్పుడూ ఎవరిదో ఒక ఇల్లు లేస్తూ ఉండేది. ఒకటి పూర్తయితే దాని వెనక ఇంకొకటి. పొద్దున్నే తడిపిన సిమెంటు గోడల వాసన, పక్కింటి గుంటూరు వాళ్ళ తిరగమోత, మా నాయనమ్మ చుట్ట పొగ, వాటన్నిటి మీద అక్క జాడీల్లో చేపలు కుళ్ళకుండా పోసిన ఫార్మలిన్ ఘాటు. చుట్టాలు గడప దగ్గరే ఆగి, “ఏందే, దవాఖాన వాసనొస్తాంది” అనేవాళ్ళు. నాయనమ్మ ఏమాత్రం తొణక్కుండా, “మా మన్మరాలు చేపల డాక్టరు, తెల్వదా?” అనేది.

కాలనీకి ఇంకా నల్లా రాలేదు. ట్యాంకరు వస్తే ట్యాంకరు నీళ్ళు, రాకపోతే ఇంటి ఓనరు తవ్వించిన బోరు నీళ్ళు. రెండూ మట్టివే. బిందెలు నింపి వరసగా పెట్టి, నాయనమ్మ పటిక ముక్కను పట్టుకుని ఒక్కో బిందెలో చెయ్యి పెట్టి తిప్పేది. కాసేపటికి మట్టి అడుగుకు దిగి నీళ్ళు తేటపడేవి. అమ్మకు అంత ఓపిక ఉండేది కాదు. పటికను రోట్లో దంచి పొడి చేసి పెట్టుకుని, చిటికెడు చల్లి వదిలేసేది. కొత్త కాలనీల్లో ఉప్పు లేని ఇల్లయినా ఉండేదేమో గానీ పటిక లేని ఇల్లు ఉండేది కాదు.

అక్క ఎమ్మెస్సీ జువాలజీ చదివి చేపల మీద పరిశోధనకు చేరింది. మా ఇంటా వంటా లేని చదువు. తనతో చదివినవాళ్ళు తలా ఒక దారి పట్టారు. ఒకాయన ప్రభుత్వ మత్స్యశాఖలో చేరి చెరువులకు చేపపిల్లలు పంచే అధికారి అయ్యాడు. ఒకామె చేపల జబ్బుల మీద పని చెయ్యడానికి ఒరిస్సా పోయింది. ఒకాయన కొచ్చిలో సముద్రం చేపల రాబడి లెక్కగట్టే కొలువులో చేరాడు. ఇద్దరు నెల్లూరు వైపు రొయ్యల గుంటలకు పోయి, రెండేళ్ళలో మోటారు సైకిళ్ళ మీద తిరిగొచ్చి, మా ఇంటి ముందు హారన్ కొట్టి మరీ పలకరించారు. అక్క మాత్రం వర్గీకరణ అనే పని పట్టుకుంది. ఒక చేపను చేతిలోకి తీసుకుని ఇది ఫలానా, దాని పక్కది ఫలానా కాదు అని తేల్చడం. పొలుసులు లెక్కపెట్టడం, మీసాలు కొలవడం, రెక్కల్లో పుల్లలు ఎన్నో చూడటం. మాస్టారు ఆమెకు మొదటి రోజే చెప్పారట. “చేపని పెంచేవాడికి ఉద్యోగం ఉంది, పట్టేవాడికి ఉంది, దానికి మందు వేసేవాడికీ ఉంది. ఇది ఏ చేపో చెప్పేవాడికే లేదమ్మా. బాగా ఆలోచించుకో.” అక్క ఆలోచించుకున్నానని చెప్పింది. ఆలోచించుకోలేదని నాకు తెలుసు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎగిరినంత పనిచేసి, నాయనమ్మ చుట్ట లాక్కుని ఒక దమ్ము పీల్చి దగ్గింది.

తుంగకుంట ఎల్బీ నగర్ చౌరస్తా దాటి కొంత లోపలికి, ద్రాక్షతోటల వెనక ఉండేది. పెద్ద చెరువేం కాదు. ఒక పక్కంతా తుంగ, ఒక పక్క బండరాళ్ళు, మధ్యలో నడుము లోతు నీళ్ళు. మల్లేశం అనే ఆయన అందులో వల వేసి, పట్టినవి గంపలో పెట్టుకుని సైకిలు మీద మా కాలనీకి తెచ్చేవాడు. పెద్ద చేపలు కొత్తపేట వైపే అమ్ముడుపోయేవి, మా దాకా వచ్చేవి పరిగెలే. నాయనమ్మకు అవే కావాలి. సగం పులుసుకు, సగం ఎండబెట్టడానికి. ఉప్పు రాసి, డాబా మీద పాత చీర పరిచి, వాటికి కాపలాగా కర్ర పట్టుకుని తనూ ఎండేది. చలికాలం పొద్దున్నే ఆ ఎండు పరిగెల్ని పెనం మీద వేయించి, చింతపండు తొక్కుతో అన్నంలో నంజుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం అందరం అన్నాలు తింటున్నాం. అక్క నోట్లోంచి ఒక ముల్లు తీసి, పళ్ళెం అంచున పెట్టబోయి ఆగింది. మళ్ళీ నాలుక మీద పెట్టుకుని ముందుకూ వెనక్కూ లాగింది. తర్వాత దాన్ని గోటి మీద రాసింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి, ఎడమ చేత్తో తన సంచీలోంచి భూతద్దం తీసింది.

“తినేటి ముల్లును అద్దంల చూసుడేందే? ముత్యమున్నదా అండ్ల?” అన్నది నాయనమ్మ.

“గరుకున్నది నాయనమ్మా. పరిగె ముల్లు ఇట్ల గరుకుండది.”

“ఉంటె ఏమాయె, ఊంచెయ్యి. బువ్వ సల్లగైతాంది.”

అక్క ఊంచెయ్యలేదు. ఇక్కడి చెరువుల్లో దొరికే ఆ రకం పరిగెకు వీపు ముల్లు వెనక అంచు నున్నగా ఉంటుంది. దీనికి రంపానికి ఉన్నట్టు సన్నని పళ్ళున్నాయి. పళ్ళ ముల్లున్న పరిగెలు వేరే ఉన్నాయి గానీ వాటి మీసాలు వేరు, తోక దగ్గరి మచ్చ వేరు. ఇది అన్నిట్లో ఇక్కడి పరిగెలాగే ఉండి, ఆ ఒక్క ముల్లు దగ్గర కాకుండా పోయింది. మరునాడే అక్క తుంగకుంటకు పోయి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి నీళ్ళలోకి దిగింది. మల్లేశం ఒడ్డున నిలబడి అరిచాడట. “ఏయ్ బిడ్డా, జలగలుంటయి! ఏం చేపలు గావాలె నీకు? చెప్తె నేనే పట్టిస్త గద, సదువుకున్నదానివి గీ బురదలేంది?” ఆ తర్వాత వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. తను పట్టిన వాటిల్లోంచి పరిగెల్ని తీసి ముందు అక్కకు చూపించి, ఆమె ఏరుకున్నాక మిగిలినవి మా నాయనమ్మకే అమ్మేవాడు.

అప్పుడే పట్టిన ఒక పరిగె ముల్లును సూక్ష్మదర్శిని కింద పెట్టి అక్క బొమ్మ గీసింది. మాస్టారు ఆ బొమ్మను చాలాసేపు చూశారట. “కొత్త జాతి కావచ్చు. కాకపోవచ్చు కూడా. నీళ్ళ తేడా వల్ల ముల్లు అలా పెరిగి ఉండొచ్చు. బొమ్మ చూసి ఎవరూ ఒప్పుకోరు. చేపలు కావాలి. చిన్నవీ పెద్దవీ, ఆడవీ మగవీ, వాటి ఎముకలు కావాలి. అన్నిట్లో పళ్ళుంటేనే మాట్లాడదాం” అన్నారు. అది తేలితే అక్క థీసిస్ నిలబడుతుంది. కలకత్తాలో చేపల్ని గుర్తుపట్టే పనికి ఒక ఖాళీ ఉందని, కొత్త జాతిని కనిపెట్టిన పిల్లంటే తను గట్టిగా చెప్పగలనని కూడా మాస్టారు అన్నారు. దేశం మొత్తం మీద అట్లాంటి కొలువులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కకు కావలసింది ఆ ఒక్కటే.

అట్లా మా ఇంట్లోకి జాడీలు వచ్చాయి. యూనివర్సిటీలో అక్క బల్ల మీద ముగ్గురి సామాన్లుండేవి, అక్కడ చోటు లేదు. అమ్మ ఆవకాయ జాడీల్లో పాతవీ, అంచు పగిలినవీ ఇచ్చింది. ఫార్మలిన్ నిలవుంటే మెల్లగా పులుస్తుందని, పులిస్తే చిన్న చేపల ఎముకల్ని తినేస్తుందని, అందుకే అందులో వెలిగారం పొడి కలపాలని అక్క మాకు చెప్పింది. ఆ పొడిని ఒక పాలపిండి డబ్బాలో పోసి, మూత మీద కాగితం అంటించి, లాబ్‌లో అలవాటైన చేత్తో దాని పేరు ఇంగ్లీషులో రాసింది. డబ్బా వంటింటి గూట్లో ఉండేది, ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటే. అమ్మకు తెలుగు చదవడం వచ్చు. ఇంగ్లీషు రాదు.

“పోరగానికి పేరు వెడితే ఉయ్యాల్ల ఏసి బెల్లమన్న పంచుతరు. చేపకు వెడితే ఏమిస్తరే?” అని ఒకరోజు నాయనమ్మ అడిగింది.

“ఏమియ్యరు. పేరు ఉంటది, అంతే.”

“అయితే నా పేరు వెట్టు. బాలమ్మ పరిగె.”

“నీ పేరు వెడితే దినాం నిన్ను పొలుసు గీకి పులుసు వెడతరు.”

“పెట్టనీ తియ్. గట్లనన్న ఎవలో ఒకలు యాది చేస్తరు.”

అక్క మనసులో ఉన్నది కుంట పేరు. కొత్త చేపకు పేరు పెట్టినప్పుడు అది మొదట ఏ నీళ్ళలో దొరికిందో కూడా రాస్తారట. రేపెవరికైనా అనుమానం వస్తే ఆ నీళ్ళకే పోయి మళ్ళీ పట్టి చూసుకోవాలి. కుంట పేరే చేప పేరైతే వెతికేవాళ్ళకు తేలిక అని అక్క అనేది. ఆ మాట అన్నప్పుడు ద్రాక్షతోటలు అప్పటికే సగం పోయాయి. రోడ్డు పొడుగునా బోర్డులు లేచాయి. పాత ఊరి భూముల వాళ్ళు, మొన్నటిదాకా తోటల్లో నీళ్ళు కట్టినవాళ్ళు, తెల్లబట్టలు వేసుకుని చౌరస్తాలో కుర్చీలు వేసుకు కూర్చునేవాళ్ళు. మా నాయిన స్నేహితులందరి మాటా ఒకటే, ఎక్కడ ప్లాటు, ఎంత గజం.

ఎండలు ముదిరి కుంట అడుగంటిన నెలలో లారీలు వచ్చాయి. అక్కా నేనూ పోయేసరికి బండరాళ్ళ పక్క నుంచి సగం దాకా ఎర్రమట్టి పోసి ఉంది. మట్టి మీద సున్నం గీతలు, గీతల మూలల్లో తెల్లరంగు వేసిన రాళ్ళు. మల్లేశం ఒడ్డున, అంటే అంతకుముందు ఒడ్డు ఉండిన చోట, వల భుజాన వేసుకుని కూర్చున్నాడు.

“పరిగెలున్నయా మల్లేశం?” అన్నది అక్క.

“యాడియి బిడ్డా? గా రాళ్ళు చూడు, గవ్వే నా చేపలు ఇగ. ఒక్కోదానికి ఒక్కో నంబరు గూడ ఏసిండ్రు.”

అక్క ఇంటికొచ్చి జాడీలన్నీ నేల మీద వరసగా పెట్టుకుంది. ఇక మిగిలినవి ఇవే అని తెలిశాక వాటిని పసిపిల్లల్లా చూసుకుంది. పాత ఫార్మలిన్ పారబోసి, అన్నిట్లో కొత్తది పోసింది. గూట్లోని డబ్బా దించి, ఎందుకైనా మంచిదని ఒక్కో జాడీలో మామూలుగా వేసేదాని కన్నా ఎక్కువ పొడి వేసింది. మూతల మీద గుడ్డ కప్పి, నేను తాడు పట్టుకుంటే తను ముడి వేసింది. వానాకాలమంతా అవి మా మంచం కింద ఉన్నాయి. ఆ వానలు వెలిశాకే, మొదట చెప్పిన ఆ పళ్ళెం రోజు వచ్చింది.

ఆ రోజు బస్సులో అక్క జాడీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు ముక్కు మూసుకుని, “ఏందమ్మా గది, తొక్కా?” అన్నాడు. “గట్లనే” అన్నది అక్క. ఇల్లు చేరగానే వంటింట్లోకి పోయి డబ్బా దించి, మూత తీసి, వేలికి అంటిన పొడిని నాలుక మీద పెట్టుకుంది. తర్వాత డబ్బా నా ముందు పెట్టింది. నేనూ నాకాను. నోరంతా ముడుచుకుపోయే వగరు. చిన్నప్పటి నుంచీ బిందెల్లో చెయ్యి పెట్టి పెరిగినవాళ్ళం, ఆ రుచి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటిక.

వాకిట్లో నాయనమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కింటి గుంటూరు వాళ్ళ పిల్లాడు ఆమె కాళ్ళ మీద పాకుతున్నాడు. అక్క వాకిట్లోకి వచ్చి, మామూలు గొంతుతోనే, “నాయనమ్మా, గా డబ్బల ఉన్నది ఏమైంది?” అని అడిగింది.

“ఎలిగారమా? గదెప్పుడో ఒడిసింది. గీ పోరనికి నోరంత పూసి పాలు తాగకుంట ఏడ్సె. వాళ్ళమ్మ మామ్మగారూ మామ్మగారూ అనుకుంట వచ్చె. పెనం మీద పొంగిచ్చి తేనెల రంగరించి రాసిన. ఇంక ఇద్దరు ముగ్గురు వోరగాండ్లకు గూడ వాళ్ళమ్మలు అడిగితె ఇచ్చిన. ఎందుకే, ఇంక గావాల్నా? దుకాన్ల దొరుకుతది తియ్.”

లోపలి నుంచి అమ్మ అన్నది, “ఖాళీగున్నదని నేనే పటిక పొడి వోసిన. మూత గట్టిగున్నది, గడ్డగట్టదు. ఏమాయెనే సుగుణా?”

పటిక ఫార్మలిన్‌ను తేటపరచదు, ఇంకా పులవబెడుతుంది. జాగ్రత్త కోసం అక్క ఎక్కువ వేసింది కాబట్టి అది ఎక్కువే పని చేసింది. ఆ సంగతి ఆ వాకిట్లో అక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పిల్లాడు కొత్తగా వచ్చిన పళ్ళు చూపించి నవ్వి, ఒక చిక్కుడుకాయ నోట్లో పెట్టుకున్నాడు. అక్క వంగి దాన్ని వాడి నోట్లోంచి తీసింది.

“ఏం గాలే. ఊకనే అడిగిన” అన్నది.

ఆ తర్వాత ఏడాది పాటు అక్క చెరువులన్నీ తిరిగింది. సెలవు రోజుల్లో నేనూ పోయేదాన్ని. ఇబ్రహీంపట్నం దాకా, ఇటు హయత్‌నగర్ అవతలి దాకా. మల్లేశం కూడా తనకు తెలిసిన చోట్లన్నీ చూపించాడు. ఎక్కడికి పోయినా పరిగెలు దొరికాయి, అన్నిటి ముల్లూ నున్నగానే ఉంది. అక్క ఒక్కో ముల్లును గోటి మీద రాసి చూసేది, చూసి నీళ్ళలో వదిలేసేది. మాస్టారు కోప్పడలేదు, అది ఇంకా కష్టం. “నేను నమ్ముతాను అమ్మాయ్. నేను నమ్మితే చాలదు” అన్నారంతే. కలకత్తా ఖాళీ ఇంకెవరితోనో నిండింది. థీసిస్ అట్లాగే ఆగింది. అక్క ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయింది. కొన్నాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ మొత్తం కోచింగ్ సెంటర్లయ్యాక వాటిల్లోనూ చెప్పింది. చేప గుండెకు ఎన్ని గదులు, పొలుసులు ఎన్ని రకాలు, సరైన జవాబును గుర్తించుము. ఇటుకలు తడిసిన వాసన వచ్చే గదుల్లో వందల మంది పిల్లలు ఒకేసారి జవాబు అరిచేవాళ్ళు. వాళ్ళల్లో చాలామంది మనుషుల డాక్టర్లయ్యారు. చేపల వైపు ఎవరూ పోలేదని అక్క చెప్పేది, చెప్పి తప్పు పట్టేది కాదు.

నాయనమ్మ మంచం పట్టిన ఏడు, ఒక సాయంత్రం అక్క ఆమెకు గంజి తాగిస్తోంది. “గా చేప ఏమాయెనే? పేరు వెట్టిండ్రా?” అని నాయనమ్మ ఉన్నట్టుండి అడిగింది. అన్నేళ్ళుగా ఆ ఊసెత్తని మనిషి.

అక్క గిన్నె కింద పెట్టలేదు. “వెట్టిండ్రు. నీ పేరే వెట్టిన. బాలమ్మ పరిగె.”

“నిజంగ?”

“నీ తోడు.”

“ఇగ నన్ను ఉప్పు రాసి ఎండల వెడతరు ముండలు” అన్నది నాయనమ్మ. ఆ వారమంతా చూడవచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. గుంటూరామె నన్ను పక్కకు పిలిచి, “నిజమేనా అమ్మా? పేపర్లో వేశారా?” అని అడిగింది. అప్పటికి నేను పేపర్లోనే పని చేస్తున్నాను. వేశారని చెప్పాను. నాయనమ్మ పోయేదాకా ఆ మాట అట్లాగే నిలిచింది. అమ్మకు కూడా అసలు సంగతి మేం చెప్పలేదు.

రమ్య వచ్చిన రోజు ముగ్గురం ఆటోలో తుంగకుంట చూడబోయాం. కుంట ఎక్కడుండేదో అక్కే చెప్పలేకపోయింది. మెట్రో దిగిన జనం, నాలుగంతస్తుల ఇళ్ళు, కింద బిర్యానీ, పైన హాస్టలు. ఒక వాచ్‌మన్‌ను అడిగితే, కుంట తెలియదు గానీ వానొస్తే ఈ గల్లీలోనే నడుము లోతు నిలుస్తుందన్నాడు. మొన్నటి వానకు సెల్లారులో చేప దొరికిందని ఫోన్లో ఫొటో చూపించాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఆత్రంగా చూసింది. తర్వాత ఫోన్ తిరిగిచ్చి, “జిలేబి చేప బిడ్డా ఇది. ఇది అంతట ఉంటది” అన్నది. ఆ గల్లీ చివర మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగింది. అప్పటి కన్నా ఇప్పుడు మనకు తెలిసినవి ఎన్నో ఎక్కువని నేను డెస్కు మీద ఎన్నోసార్లు రాశాను. ఆ మెట్ల దగ్గర నిలబడి, ఏ మనిషికి ఏం తెలుసో చెప్పమంటే నేను చెప్పలేను. అలసట ఒక్కటే తెలుస్తోంది, అది కూడా ఎక్కువగా మోకాళ్ళలో.

రమ్య జాడీలోంచి చిన్న తోక ముక్క కోసుకుపోయింది. ముల్లు లేకపోయినా మాంసంలో జన్యువులుంటాయి, వాటిని చదివితే ఇది వేరే జాతో కాదో తెలియవచ్చని చెప్పింది. అక్క ఫోన్ రోజూ చార్జింగులో పెట్టుకుంది. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. అన్నేళ్ళు ఫార్మలిన్‌లో, అదీ పులిసిన ఫార్మలిన్‌లో ఉన్నందువల్ల చదవడానికి వీలైన ముక్క ఒక్కటీ దొరకలేదట. మందు సోకని చేప ఆ కుంటదే ఎక్కడైనా ఉంటే చెప్పమన్నది. పచ్చిది కానక్కర్లేదట, ఎండుచేప అయినా చాలట, ఎంత పాతదైనా ఫరవాలేదట.

అక్క ఆ మెసేజీని నాతో రెండోసారి చదివించుకుంది. “ఎండు పరిగెనా?” అన్నది. “డాబ నిండ ఉండెగదనే.” ఆమె అంతగా నవ్వడం నేను చాలా కాలానికి చూశాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, అది జాడీ మూత తీసి ఉన్నందుకో మరెందుకో అడగలేదు.

మా ఊళ్ళో, మల్లేశం కొడుకుల దగ్గర, గుంటూరు వాళ్ళ దగ్గర కూడా అడిగించాం. ఎవరి దగ్గరా లేదు, ఉండటానికి అది దాచుకునే వస్తువు కాదు. చలికాలాల్లో చింతపండు తొక్కుతో మేమే తినేశాం. మాస్టారు ఇప్పుడు లేరు. అక్క గీసిన బొమ్మ ఉంది, ఎముకల్లేని చేపలు ఉన్నాయి. తుంగకుంటలో ఉన్నది వేరే చేపా, లేక మామూలు పరిగెకే అక్కడి నీళ్ళలో ముల్లు కాస్త గరుకుగా పెరిగిందా అన్నది ఇప్పటికీ తేలలేదు.